ముందు వంకను గీయండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళిళ్ళు రెండు చేసి చూశాం. ఇక మిగిలింది ఇల్లే. మావారు వుద్యోగం విరమించి ఏడాది దాటింది. చేతికి వచ్చిన డబ్బులో అమ్మాయిల పెళ్ళి అప్పులు తీరగా మిగిలినది బ్యాంకులో పడివుంది. ముప్ఫయి రెండేళ్ళు అద్దె కొంపల్లో కాపరం చేసినదాన్ని నేను. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివారి మొహం చూడవలసిన బ్రతుకు ఎలా వుంటుందో మీలో చాలామందికి నేను వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత, మొన్న దసరా వెళ్ళిన తరువాత ఒక ఆదివారం పొద్దున ఒక అబ్బాయి రంగురంగుల కాగితం పట్టుకుని మా గుమ్మం ఎక్కితే, ఆ అబ్బాయికి కాఫీ యిచ్చి కూర్చోబెట్టాను. కాగితంమీద పచ్చటి కొండ. కొండ కింద చెరువు. చెరువులో బాతులు. గట్టుమీద వుయ్యాల, వుయ్యాలలో నవ్వుతున్న పాప. "ప్రకృతి ఒడిలో మీ సొంత ఇల్లు" అని పైన పెద్ద అక్షరాలు. లోపలి పేజీ విప్పితే చదరంగం బల్లలాగా గళ్ళు గళ్ళుగా ప్లాట్లు. శ్రీకాళహస్తి బస్సుస్టాండుకు పది నిమిషాల దారి అన్నాడు. (ఆ పది నిమిషాలు ఏ వాహనంమీదో చెప్పలేదు.)

మావారికి జాతకాలమీద కంటే వాస్తుమీద నమ్మకం ఎక్కువ. తెలిసిన సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని వెళ్ళి చూసి వచ్చారు. తూర్పు వాకిలి ప్లాటు, ఈశాన్యం పల్లం, నైరుతి మెరక, అన్నీ కొలిచినట్టు కుదిరాయట. సాయంత్రానికల్లా లక్ష రూపాయలు బయానా యిచ్చేశారు. నేనూ కాదనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక, వంటింటి కిటికీ కొండవైపు పెట్టించాలని, పెరట్లో మల్లెపందిరి వేయాలని లెక్కలు వేసుకుంటూ పడుకున్నదాన్ని నేనే.

మరుసటి ఆదివారం మా అత్తయ్య తానూ చూస్తానన్నది. ఆవిడకు ఎనభై మూడేళ్ళు. పుట్టిల్లు ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే. కారు దిగి, చేతికర్ర ఆనించి, మా ప్లాటు మధ్యదాకా వెళ్ళి నిలబడింది. పక్క ప్లాటువారు అప్పటికే పునాదికి గుంట తీసి వున్నారు. మట్టి కుప్పలోనుంచి ఒక రాయి తీసి అరచేతిలో అటూ యిటూ దొర్లించి చూసింది. కోడిగుడ్డులాగా నున్నగా, గుండ్రంగా వుంది.

"ఒరే అబ్బాయీ, ఇది చేను కాదురా, వంక" అన్నది మావారితో. "చేలో రాయి మొనలు దేలి వుంటుంది. ఇట్లా గుండ్రంగా వుందంటే నీళ్ళు దొర్లించి దొర్లించి తెచ్చినదన్న మాట."

కాగితాల అబ్బాయి నవ్వాడు. "అవ్వా, ఇరవై ఏళ్ళనుంచి ఈ చుట్టుపక్కల నీళ్ళు పారిన జాడే లేదు."

"ఇరవై ఏళ్ళు పోకపోతే మీ తాతగారి వూరికి దోవ మరిచిపోతావా నాయనా?" అన్నది మా అత్తయ్య.

అంతలో మేకలు తోలుకుని పోతున్న పెద్దాయన ఒకరు ఆగారు. ఆయన్నే అడిగాం. "అవును సామీ. పెద్దవాన కొడితే ఆ గుట్ట నీళ్ళన్నీ ఈడికే దిగతాయి. ఈడ్నించి కుంటకి పోతాయి. కుంట నిండితే మొరవ పారి కింద చెరువుకి పోతాయి" అని కర్రతో గాలిలో గీత గీసి చూపించారు. ఆ గీత మా తూర్పు వాకిలిగుండా వచ్చి, మావారు పూజగది అనుకున్న చోట మలుపు తిరిగింది.

కుంట ఎక్కడ అని చూస్తే, కాగితంమీద బాతులు ఈదుతున్నది ఆ కుంటలోనేనట. సగం అప్పుడే పూడ్చి చదును చేశారు. పూడ్చిన గ్రావెలు ఎక్కడినుంచి వచ్చిందని చూస్తే, కాగితంమీద పచ్చగా వున్న ఆ గుట్టనుంచే. గుట్టకు ఒక పక్క పెద్ద యంత్రం కొరికిన ఎర్రటి గాయం కనబడుతూనే వుంది. గుట్టను తవ్వి, ఆ మట్టితో కుంటను పూడ్చి, రెంటి బొమ్మలూ కాగితంమీద అచ్చువేసి మనకు అమ్ముతున్నారన్న మాట!

ఈ వారం నేను రాయదలచుకున్నది మా బయానా సంగతి కాదు. అది చివరలో చెబుతాను. నా బాధ వేరు. కొండ పక్కన, నీటి పక్కన వుండాలని అందరం కోరుకుంటాం. అందులో తప్పు లేదు. అలాంటి చోట ఇళ్ళు కట్టుకోరాదని కూడా నేను అనను. కాని కట్టే పద్ధతి ఒకటి వుంది. అది మనకు కొత్తదేమీ కాదు.

శ్రీకాళహస్తినే చూడండి. ఈ వూరికి పేరు పెట్టినవారు రాజులు కారు, జమీందారులు కారు. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడు అడవి ప్రాణుల పేర వెలసిన వూరు. భక్తులలో పేరుపడ్డ కన్నప్ప కూడా అడవిలో వేటాడుకునే బోయవాడే. దక్షిణాన కన్నప్ప కొండ, వుత్తరాన దుర్గమ్మ కొండ, తూర్పున కుమారస్వామి కొండ. గుడి పక్కగా వుత్తరముఖంగా పారే స్వర్ణముఖి. కొండ పాదానికీ నది ఒడ్డుకీ నడుమ మిగిలిన చోట గుడి, గుడి చుట్టూ వీధులు. పూర్వులు కొండను చదును చేసి గుడి కట్టలేదు, కొండను ఆనుకుని కట్టారు. కొండా నీరూ ముందు, మనం తరువాత. నేను చెప్పదలచిన పద్ధతి ఇంతే.

కొండను అలా వుంచుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు కూడా గమనించండి. కనుమ పండుగనాడు, మళ్ళీ శివరాత్రి వుత్సవాలలోను స్వామివారూ అమ్మవారూ కైలాసగిరి ప్రదక్షిణకు బయలుదేరుతారు. ఇరవై కిలోమీటర్లకు పైబడిన దారి. వెనక వేలాది జనం. పుణ్యం మాట అలా వుంచండి, ఏడాదికి రెండుమార్లు వూరు వూరంతా కొండ చుట్టూ నడిచి వస్తే, ఏ మూల ఏ కోన వున్నదీ, ఎక్కడ నీరు దిగుతున్నదీ, ఏ రాయి కిందటేడు వుండి ఈ ఏడు లేదో పదిమందికీ తెలుస్తుంది. చుట్టి వచ్చిన కొండ మనదవుతుంది. మనది అనుకున్నదాన్ని ఎవరైనా తవ్వుతూంటే అడగబుద్ధి అవుతుంది.

2010 మే 26న కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం కూలిపోయిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. ఆ రాత్రి మా ఇంట ఎవరమూ సరిగా అన్నం తినలేదు. మళ్ళీ కట్టారు. 2017లో కుంభాభిషేకం జరిగింది. చూసి వచ్చి కళ్ళు తుడుచుకున్నాం. అయిదు వందల ఏళ్ళనాటి గోపురమే అయినా, మనుషులు కట్టినది గనక మనుషులు మళ్ళీ కట్టగలిగారు. కాని తవ్విపోసిన గుట్టను ఏ స్థపతి వచ్చి కట్టగలడు చెప్పండి?

నీటి సంగతి ఇంకా కష్టం. మనకు వానలు ఎక్కువగా ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు వస్తాయి. నెలల తరబడి కురవవలసిన వాన మూడు రోజుల్లో కుమ్మరిస్తుంది. అందుకే మన పెద్దలు గొలుసు చెరువులు కట్టారు. పై కుంట నిండితే మొరవ పారి కింది చెరువుకు, అది నిండితే ఆ కిందిదానికి. పై కుంటను పూడ్చామంటే గొలుసులో ఒక లంకె తెగినట్టే. అక్కడ ఆగవలసిన నీరు ఆగదు. మన గడప దాటుకుని పోతుంది. ఎండాకాలం బోరులో వూరవలసిన నీరు వూరదు. అంటే ఒకే తప్పుకు కార్తీకంలో వరద, వైశాఖంలో కరువు, రెండు శిక్షలు.

2021 నవంబరు మాటేమిటి? తిరుపతి వీధులు యేరులై పారాయి. స్వర్ణముఖి ఒడ్లు దాటింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందని భయపడి దిగువ పల్లెలవారిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఆ రోజుల్లో మా చిన్నమ్మాయి తిరుపతిలో కింది వాటాలో కాపరం వుండేది. రిఫ్రిజిరేటరు నీళ్ళలో పడవలాగా తేలిందని ఫోనులో చెబుతూ నవ్వింది. ఆ తరువాత ఏడ్చింది. వాళ్ళ వీధి పేరు చివర "చెరువు" అన్న మాట వుంది. అద్దెకు దిగేటప్పుడు ఆ మాట గురించి మేమెవరమూ ఆలోచించలేదు.

"చట్టాలు లేవా?" అని మీరడగవచ్చు. వున్నాయి. 2017లో వచ్చిన మన రాష్ట్రపు భవన నిర్మాణ నియమాల ప్రకారం, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు నిండు నీటిమట్టం హద్దునుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదలాలి. లేఅవుటు వేసే భూమిలో పదో వంతు పార్కులకూ ఆటస్థలాలకూ విడవాలి. కాని ఆ పదో వంతు సాధారణంగా ఎక్కడ వుంటుంది? అమ్ముడుపోని మూలలో, కరెంటు తీగల కింద, ఏ వంకరటింకర ముక్కలోనో వుంటుంది. ముందు గళ్ళు గీసి, మిగిలిన పీలికను ప్రకృతికి దానం చేస్తారు. సిమెంటు బల్ల ఒకటి, జారుడుబండ ఒకటి వేసి పార్కు అని బోర్డు కడతారు. ముందు పిల్లల అన్నాలు వడ్డించి తరువాత పెద్దలు తినే ఇల్లు ఎట్లా వుంటుందో, పెద్దలు తిన్నాక అడుగూ బొడుగూ పిల్లలకు వేసే ఇల్లు ఎట్లా వుంటుందో ఆలోచించుకోండి. తేడా కూరలో లేదు, వరసలో వుంది.

ఈ వరస మార్చి చూసినవారు మన పాత చిత్తూరు జిల్లాలోనే వున్నారు. మదనపల్లె దగ్గర, హార్స్‌లీ కొండల దాపున రిషివ్యాలీ వుంది కదా. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు విద్యాలయం కోసం 1920లలో ఎన్నుకున్న లోయ అది. అప్పటికి అక్కడ వున్నదల్లా చుట్టూ రాళ్ళ గుట్టలు, వానలు తక్కువైన నేల, ఒక పెద్ద మర్రిచెట్టు. ఆ మర్రి చుట్టూ వూహ మొదలైంది. పిల్లలూ ఉపాధ్యాయులూ పనివారూ కాపురముండే వూరే అది. 300 ఎకరాలకు పైబడిన ఆవరణ.

నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. ఇళ్ళు ఎక్కడున్నాయో వెంటనే కనబడవు. చెట్లలోనుంచి ఒకటొకటిగా బయటపడతాయి. బోడి గుట్టలమీద ఏళ్ళ తరబడి మొక్కలు నాటారు. వాననీరు పరుగెత్తిపోకుండా చిన్న చిన్న అడ్డుకట్టలు వేశారు, వూట కుంటలు తవ్వారు. చెట్లు వచ్చాయి, చెట్ల వెనక పక్షులు వచ్చాయి. 200 రకాలకు పైగా పక్షులను అక్కడ గుర్తించారు. దక్షిణ దేశపు రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపు గొంతు పికిలిపిట్ట కూడా అందులో వుంది. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక అభివృద్ధి ప్రాంతంగా ప్రకటించి, చుట్టూ కట్టడాలకు హద్దులు పెట్టింది.

అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. సాయంకాలం పిల్లలు అస్తాచలం అనే చోట చేరి, మాటలు మాని, పొద్దు గుంకడం చూస్తూ కూర్చుంటారు. ఆ చోట ఏ మేడా కట్టలేదు, ఏ బొమ్మా నిలపలేదు. అడ్డం లేకుండా వుంచడమే అక్కడి ఏర్పాటు. ఇంటి పటంలో "ఇక్కడ ఏమీ కట్టరాదు" అని ఒక చోటు ముందుగా గీసి పెట్టుకోవడం ఎంత గొప్ప పనో నాకు అక్కడ తెలిసింది.

"అది విద్యాలయం కదా, మామూలు కాలనీకి కుదురుతుందా?" అని మా పక్కింటి వదినగారు అడిగారు. మంచి ప్రశ్న. దీనికి ఇద్దరు పెద్దమనుషులు సమాధానం చెప్పారు. ఇద్దరూ స్కాట్లండు దేశస్థులే.

మొదటివారు పాట్రిక్ గెడెస్. జీవశాస్త్రం చదువుకున్న పండితుడు. 1914లో మన దేశానికి వచ్చి, 1915లో మద్రాసు రాజధానిలోని పట్టణాలు కొన్ని చూసి నివేదికలు రాశారు. కాంచీపురం అందులో ఒకటి. ఆ రోజుల్లో దోమలు పెరుగుతున్నాయని వూళ్ళల్లో చెరువులు పూడ్చేయాలని ఇంజనీర్లు వుత్సాహపడుతూంటే, ఈయన అడ్డుపడ్డారు. చేపలూ బాతులూ వదిలితే దోమ పిల్లల సంగతి అవే చూసుకుంటాయి, చెరువు వూరికి చలువా అందమూ అని వాదించారు. పటం ముందు కూర్చోవడానికి ముందు వూరంతా కాలినడకన తిరిగేవారు. వైద్యుడు నాడి చూడకుండా మందు రాస్తాడా? అలాగే వూరిని చూడకుండా వూరి పటం గీయరాదన్నది ఆయన మతం.

రెండవవారు ఇయాన్ మెక్‌హార్గ్. 1969లో ప్రకృతితో కలిసి రూపకల్పన చేయడం గురించి పేరుపడ్డ పుస్తకం రాశారు. ఆయన పద్ధతి మన ముగ్గుల పద్ధతంత సులువు. పారదర్శకమైన కాగితాలు కొన్ని తీసుకో. ఒకదానిమీద నీరు పారే దోవలు గీయి. మరొకదానిమీద వాలు. ఇంకొకదానిమీద చెట్లు. వేరొకదానిమీద నీరు యింకే నేల. అన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి చూడు. ఏ గీతా పడకుండా తెల్లగా మిగిలిన చోటే ఇళ్ళకు తగిన చోటు. ఈ పద్ధతిమీద అమెరికాలో హ్యూస్టనుకు వుత్తరాన వుడ్‌లాండ్స్ అనే పట్టణం 1974లో మొదలైంది. అక్కడ వాననీటిని గొట్టాల్లోకి తోసేయకుండా, సహజంగా వున్న వాగులనే వుంచి, యింకే నేలను ఖాళీగా వదిలి, మిగిలినచోట ఇళ్ళు వేశారు. మా మేనల్లుడు ఆ చుట్టుపక్కలనే వుద్యోగం చేస్తున్నాడు. "అత్తా, ఇక్కడ అంగళ్ళు కూడా చెట్ల వెనక దాక్కుని వుంటాయి, వెతుక్కుని పోవాలి" అన్నాడు. పెద్ద చమురు వ్యాపారి పెట్టుబడి పెట్టి లాభం కోసమే కట్టించిన వూరు అది. కాబట్టి ఇదంతా సన్యాసుల వ్యవహారం అనడానికి వీల్లేదు.

మనకూ కుదురుతుందా అని ఒక రాత్రి నేను కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. లెక్క మీరూ వేసి చూడండి. ఇరవై ఎకరాల భూమి అనుకుందాం. అంటే 2,000 సెంట్లు. రోడ్లకు సుమారు 600, పార్కుకు 200 పోతే మిగిలేవి 1,200. ఆరేసి సెంట్ల చొప్పున 200 ప్లాట్లు. మావైపు అంకణమంటే 36 చదరపు అడుగులు గనక, ఒక్కొక్కటి సుమారు 72 అంకణాలు. ఇప్పుడు ప్లాటును నాలుగు సెంట్లు చేయండి. సుమారు 48 అంకణాలు. అవే 200 ఇళ్ళకు 800 సెంట్లు చాలు. 400 సెంట్లు, అంటే నాలుగు ఎకరాలు మిగిలాయి. పార్కు రెండెకరాలూ కలిపితే ఆరు. వంకకు దోవ, కుంటకు గట్టు, గుట్ట పాదంలో రాళ్ళూ తుప్పలూ అన్నీ ఆ ఆరు ఎకరాల్లో ఒదుగుతాయి. ఇళ్ళు దగ్గర దగ్గరగా వుంటే రోడ్డు పొడుగూ తగ్గుతుంది, పైపులూ తీగలూ తగ్గుతాయి.

ఇందులో దాపరికం లేదు. అదే డబ్బుకు మనకు ఇరవై నాలుగు అంకణాలు తక్కువ వస్తాయి. ఆ ఇరవై నాలుగు అంకణాల్లో మనం ఏం చేస్తాం? చుట్టూ ప్రహరీ కట్టి, గచ్చు చేయించి, పాత సైకిలూ విరిగిన కుర్చీలూ పెడతాం. వాటికి బదులు రెండు వందల కుటుంబాలకు ఆరెకరాల పెరడు వస్తుంది. మా అత్తయ్య లెక్క విని, "పెరడు చిన్నదైతే నీళ్ళు మోసేదీ చిన్నదే" అన్నది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. చెట్లూ పిట్టలూ అన్నవి డబ్బున్నవాళ్ళ సరదా అని కొందరంటారు. చుట్టూ ఎత్తు గోడ కట్టి, గేటు దగ్గర కాపలావాణ్ణి నిలబెట్టి, లోపల కృత్రిమమైన వాగు పారించుకుంటే అది సరదానే. మేకల పెద్దాయన నడిచే దారి మూసివేసి కట్టిన పచ్చదనం నాకు అక్కరలేదు. కాని వరద వచ్చినప్పుడు మేడమీదికి ఎక్కి చూసేవాళ్ళెవరు, మునిగేవాళ్ళెవరు? జీవితంలో ఒకే ఒక్కసారి ప్లాటు కొనగలిగిన మనబోటివాళ్ళం, వంక ఒడ్డున గుడిసె వేసుకున్న పేదవాళ్ళం. వంకను వంకగా వుంచడం మన అవసరం.

అందుచేత ప్లాటు కొనబోయే చెల్లెళ్ళకూ అన్నలకూ నా అనుభవంమీద చెబుతున్నాను. రంగుల కాగితం చూసి మురిసిపోవద్దు. ఆ గ్రామపు పటం, ఆ సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. కాపీ తెప్పించుకోండి. వంకలూ కాలువలూ గీతలుగా అందులో వుంటాయి. అడంగల్‌లో పొరంబోకు అని వుందేమో చూడండి. 22ఏ జాబితాలో లేదని రూఢి చేసుకోండి. స్థలాన్ని ఎండలో ఒకసారి, వానలో ఒకసారి చూడండి. పునాది గుంటలో రాయి పట్టుకుని చూడండి. ఆ పక్క పల్లెలో వయసు మళ్ళినవారిని ఇద్దర్ని అడగండి. వాస్తు చూపించుకోవద్దని నేననను. మా ప్లాటుకు ఈశాన్యంనుంచి నీరు వస్తే మంచిదని సిద్ధాంతిగారన్నారు. ఆయన మాట అక్షరాలా నిజమయ్యేదే!

ఇక మా సంగతి. ఎఫ్.ఎం.బి. తెప్పించాం. వంక రెండు గీతలుగా, పాములాగా మెలికలు తిరుగుతూ మా ప్లాటు నట్టనడుమనుంచి పోయింది. కాగితం చేత్తో పట్టుకుని అడగడానికి వెళ్ళాం. వాళ్ళు వాదించలేదు. "మీకు అభ్యంతరమైతే మెరకమీద మూడో వరసలో ప్లాటు మార్చి యిస్తాం, ధర అదే" అన్నారు. మావారి మొహం వికసించింది. డబ్బు పోలేదు, ఇల్లూ పోలేదు. నాకూ ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది.

"మరి ఈ ప్లాటు?" అని అడిగాను.

"దానికేమమ్మా, కావలసినవాళ్ళు చాలామంది వున్నారు" అన్నారు.

కావలసినవాళ్ళు ఆ పూటే అక్కడ వున్నారు. చిన్న వయసు దంపతులు. ఇద్దరూ పాఠాలు చెప్పుకుని బ్రతికేవాళ్ళు. చంకలో ఏడాది పిల్ల. ఆ అమ్మాయి రంగుల కాగితం విప్పి, వుయ్యాలలోని పాపను తన పాపకు చూపిస్తున్నది. పది రోజుల క్రితం నేనూ అలాగే చూశాను కదా.

దారిలో మావారు ఏమీ మాట్లాడలేదు. వూరు దగ్గర పడుతూండగా కారు పక్కకు ఆపించారు. "వెనక్కి తిప్పు" అన్నారు డ్రైవరుతో. వెళ్ళి ఆ దంపతులకు పటం విప్పి చూపించాం. ఆ అబ్బాయి చాలాసేపు చూసి, ఏమీ అనకుండా పటాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ఆ రోజునుంచి మాకు మూడో వరస ప్లాటూ లేదు, మా లక్షా చేతికి రాలేదు. ఇదుగో, అదుగో అంటున్నారు. అక్కడ బయానా యిచ్చిన మరి పదకొండు కుటుంబాలు కలిశాయి. వంకను, కుంటను తిరిగి యథాప్రకారం చేసి, లేఅవుటు మార్చి గీయమని, కావాలంటే మా ప్లాట్లు తగ్గించుకుంటామని అందరం కలిసి అర్జీ రాశాం. నా లెక్క కాగితం దానికి జతపరిచాం. సంతకాల్లో మొదటిది మా అత్తయ్యది. ఆవిడకు ప్లాటు లేదు గాని, సంతకం పెట్టకపోతే వూరుకోనన్నది.

ఏమవుతుందో రాస్తాను. ప్రస్తుతానికి అద్దె ఇంట్లోనే వున్నాం, మేకు కొట్టడానికి ఇంటివారిని అడుగుతూనే వున్నాం. కనుమనాడు గిరి ప్రదక్షిణకు బయలుదేరుతున్నాం. ఆ దంపతులు పిల్లను ఎత్తుకుని వస్తామన్నారు. మేకల పెద్దాయన దారిలో కలుస్తానన్నారు. ఎన్ని వంకలు కొండ దిగుతున్నాయో ఈసారి లెక్కపెట్టి రాసుకోవాలని ఒక చిన్న నోటుపుస్తకం కొన్నాను.